అట్ యువర్ ఎండ్

తిరుపతి పనిచేసే చోట కొత్తగా చేరినవాడికి మొదటి రోజు ఎప్పుడూ క్షేమం కాదు. రాయదుర్గంలోని ఆ అద్దాల మేడలో, తొమ్మిదో అంతస్తులో ఆ సంగతి అందరికీ తెలుసు. కొత్తవాడికి ఒక్కడికే తెలియదు. సరదా అంతా అందులోనే ఉంది మరి.

లోహిత్ కాకినాడ నుంచి వచ్చి చేరిన రోజున, కాఫీ మెషిన్ ముందు నిలబడి ఏ బటన్ నొక్కాలో తెలియక దిక్కులు చూస్తుంటే, వెనక నుంచి ఒక గంభీరమైన గొంతు వినిపించింది.

"బటన్ గాదు తమ్మీ. గా మెషిన్ గొంతు గుర్తువడ్తది. పేరు, ఊరు గట్టిగ జెప్పాలె. ఇంగ్లీషుల జెప్పు, దానికి తెలుగు రాదు."

లోహిత్ చొక్కా సర్దుకున్నాడు. "మై నేమ్ ఈజ్ లోహిత్. ఐ యామ్ ఫ్రమ్ కాకినాడ. వన్ కాఫీ ప్లీజ్" అని మెషిన్‌కి వినయంగా మనవి చేసుకున్నాడు. చుట్టుపక్కల కుర్చీల్లో ఉన్నవాళ్లంతా నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. తిరుపతి మాత్రం కనుబొమ్మ కూడా కదపకుండా, "ప్లీజ్ ముందు జెప్పాలె గదా. అందుకే అలిగింది. మళ్ల జెప్పు" అన్నాడు.

వాడు మళ్లీ చెప్పాడు.

ఆ సాయంత్రం తిరుపతే వాణ్ణి కిందికి తీసుకెళ్లి, మెట్రో స్తంభం పక్కన సాయమ్మ టీ బండి దగ్గర టీ తాగించాడు. "కోపమొచ్చిందా? రెండోసారి గూడ జెప్పినవ్ సూడు, గప్పుడే నువ్వు నాకు నచ్చినవ్. ఇగ నుంచి నువ్వు నా అల్లుడివి."

"మీకు అమ్మాయి ఉందాండి?" అన్నాడు లోహిత్ సిగ్గుపడుతూ.

"ఉన్నది. ఒకటో తరగతి. అందాక ఆగు."

సాయమ్మ టీ వడపోస్తూ ఎంత నవ్విందంటే సగం టీ గ్లాసు బయట పడింది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ మామా అల్లుళ్లే. తిరుపతి వాణ్ణి "అల్లుడూ", "రా", "ఒరే" అనేవాడు. వాడు మాత్రం ఎంత చనువు వచ్చినా "మావయ్యా, అండి" దగ్గరే ఉండిపోయాడు. వాళ్ల ఊరి మాట తీరే అంత.

తిరుపతిది బోరబండ. ఒకప్పుడు ఇదే మేడకు ఉద్యోగులను చేరవేసే క్యాబ్ నడిపేవాడు. ఇంటర్ ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కి, స్టీరింగ్ మీద పుస్తకం పెట్టుకుని దూరవిద్యలో డిగ్రీ అనిపించుకున్నాడు. ఈ కంపెనీ చేసే పని కార్లలో దారి చూపించే మ్యాపులు తయారు చేయడం. ఎక్కడో విదేశాల్లోని ఊళ్ల రోడ్లను ఉపగ్రహం తీసిన ఫొటోల మీద గీతలుగా గీయాలి. ఏది వన్ వే, ఎక్కడ మలుపు లేదు, ఏ వంతెన మూసేశారు, అన్నీ గుర్తించాలి. రోడ్లతో బతికినవాడు కదా అని తిరుపతిని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. కాంట్రాక్టు వాళ్ల మెడలో పసుపు ట్యాగు ఉంటుంది, లోహిత్‌దీ అదే. పర్మినెంట్ వాళ్ల మెడలో నీలం ట్యాగు. రెండింటికీ ఒకే గేటు, ఒకే లిఫ్టు. కానీ పసుపు ట్యాగును సెక్యూరిటీ వాడు ఆపి చూస్తాడు. నీలాన్ని ఆపడు.

ఈసారి టీములో ఒక్కరికి నీలం ట్యాగు ఇస్తామన్నారు. "మీ పేరే పైకి పంపుదామనుకుంటున్నానండీ" అని మేనేజర్ పద్మావతి మేడమ్ తిరుపతితో అననే అంది. అది విన్న రోజున తిరుపతి లోకల్ రైల్లో పక్కవాడికి, ఎదుటివాడికి, శనక్కాయలు అమ్మేవాడికి కూడా చెప్పాడు. ఇంట్లో కూతురు చిన్ను అప్పటికప్పుడు స్కెచ్ పెన్ను తీసి వాళ్ల నాయన పసుపు ట్యాగుకు ఒక కొస నీలం పూసేసింది. తిరుపతి దాన్ని తుడవలేదు. ఆ కొస పైకి కనబడేలాగే వేసుకుని తిరిగాడు.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఒకరు గీసింది ఇంకొకరు చూడాలి, చూశాకే పంపాలి. చూడమని అడగడం మెయిల్లోనే అడగాలి, చూసినవాడు మెయిల్లోనే జవాబివ్వాలి. అయితే మెయిల్లో అడిగితే దొరికిన ప్రతి తప్పూ గీసినవాడి పేరు మీద ఎక్కుతుంది. అందుకని తిరుపతి, లోహిత్ వేరే పద్ధతి పెట్టుకున్నారు. సాయమ్మ బండి దగ్గర నోటితో అడగడం. "మావయ్యా, నాది ఒకసారి చూసేయండి." "సూస్త తియ్. నాది గూడ జర సూడు." తప్పు దొరికితే చడీచప్పుడు లేకుండా దిద్దేయడం, తర్వాత మామూలుగా మెయిల్లో ఒక ముక్క పెట్టేయడం. ఏడాది పాటు ఆ పద్ధతి మీదే ఇద్దరి పేర్లూ శుభ్రంగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే దిద్దినవాటిలో ఎక్కువ అల్లుడివే. మామ ఆ మాట ఎప్పుడూ అనలేదు.

బయటి వాళ్లను అడగాల్సి వచ్చినప్పుడే తిరుపతికి చిక్కు. చెన్నై టీము వాళ్లు ఒకసారి ఒక ఊరి రోడ్లన్నీ తలకిందులు చేసి పంపారు. తిరుపతి ఉగ్రుడై, "యూ చెక్ దిస్ ప్రాపర్లీ" అని టైపు చేసి, పంపే ముందు అల్లుడికి చూపించాడు.

"అమ్మో, ఇది పంపకండి! కొట్టడానికి వెళ్లినట్టుందండి."

"మరి ప్లీజ్ తగిలిస్త."

"ప్లీజ్ చెక్ అన్నా ఆర్డరేనండి. ప్లీజ్ పెట్టిన ఆర్డరు."

"కైండ్లీ?"

"కైండ్లీ అంటే తాలూకాఫీసు అర్జీలా ఉంటుందండి."

"గట్లైతే కాళ్లు మొక్కుదునా ఏంది? తప్పు జేసింది వాడు రా!"

లోహిత్ టీ గ్లాసు బండి మీద పెట్టాడు. "తప్పు చేశావని చెప్పకూడదండి. నాకు అర్థం కావట్లేదు, కాస్త సాయం చేయమనాలి. కుడ్ యూ ప్లీజ్ హెల్ప్ మీ అండర్‌స్టాండ్ ఇఫ్ దిస్ వాజ్ చెక్‌డ్. అంటే, దీన్ని చూశారో లేదో నాకు కొంచెం అర్థమయ్యేలా చేస్తారా అని. పైకి చూస్తే ఎంత మర్యాదో చూడండి. దెబ్బ తగిలినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. అదీ వాళ్ల మేనేజర్‌ని సీసీలో పెట్టి పంపామనుకోండి, ఇక వాడు లేవడు."

"సీసీల వెడ్తే?"

"అంటే మేనేజర్ కూడా చదువుతాడండి. మనం ఏమీ అనలేదు. అడిగామంతే."

తిరుపతి ఆ వాక్యాన్ని నోట్లో వేసుకుని రెండుసార్లు చప్పరించాడు. "అబ్బ! కత్తికి వెన్న వూసినవ్ గదరా. కానీ కొసకు ఏదో తక్కువైంది. క్యాబ్ నడిపేటప్పుడు నా ఫోను సతాయిస్తే ఆ కస్టమర్ కేర్ పిల్ల అంటుండె, సార్ ప్రాబ్లమ్ ఈజ్ అట్ యువర్ ఎండ్ అని. గది వెట్టు. అట్ యువర్ ఎండ్. తప్పు నీ దిక్కే ఉన్నదిరా బిడ్డా అని చెప్పినట్టుంటది."

లోహిత్ కళ్లు పెద్దవి చేశాడు. "మావయ్యా, మీరు మామూలోళ్లు కాదండి."

పంపారు. చెన్నై వాళ్లు గంటలో క్షమాపణ చెప్పి అంతా దిద్దారు. ఆ రోజు టీతో పాటు ఉస్మానియా బిస్కెట్లు కూడా నడిచాయి. ఆ వాక్యం ఇద్దరి ఉమ్మడి ఆస్తి అయింది. మనిద్దరి మధ్య మాత్రం దీనితో పని లేదని తిరుపతి అన్నాడు. లోహిత్ గట్టిగా నవ్వాడు.

ఇదంతా బాగానే ఉంది. ఆ శుక్రవారం సంగతి చూడండి.

లోహిత్ వాళ్ల అక్కకు నిశ్చితార్థం. రైలుకు టైమవుతోంది. నిజాంపేట హాస్టల్ నుంచి సర్దుకొచ్చిన బ్యాగు భుజాన వేసుకుని సాయమ్మ బండి దగ్గరికి పరుగున వచ్చాడు.

"మావయ్యా, నేను గీసిన బ్యాచ్ ఈ రోజే వెళ్లిపోవాలండి. ఒక్కసారి చూసేయండి."

"పో, పో. అక్కకు నా ఆశీర్వాదం జెప్పు. నేను సూస్త."

"అందులో ఏటి మీద ఒక పాత వంతెన ఉంటుందండి. దాన్ని వదిలేయండి. నేను రెండుసార్లు చూశాను, తెరిచే ఉంది. మిగిలినవి చూస్తే చాలు."

"సరే తియ్ రా. ఫికర్ జెయ్యకు. లడ్డూలు మర్శిపోకు."

తిరుపతి పైకెళ్లి, మిగిలినవన్నీ చూశాడు. రెండు చోట్ల మలుపులు తప్పుంటే దిద్దాడు. వంతెన దగ్గరికి వచ్చాక చెయ్యి ఒక క్షణం ఆగింది. అల్లుడు రెండుసార్లు చూశానన్నాడు కదా. చూసినదాన్ని మళ్లీ చూస్తే వాణ్ణి నమ్మనట్టు కాదూ? దాటేశాడు. చూశానని మెయిల్లో ముక్క పెట్టి పంపేశాడు.

ఆ వంతెన మూసేసి చాలా కాలమైంది.

మంగళవారం మధ్యాహ్నం తిరుపతి క్యాంటీన్లో టిఫిన్ డబ్బా తెరిచి గోంగూర పప్పు కలుపుతున్నాడు. ఫోను మోగింది. లోహిత్ నుంచి మెయిల్. ఎడమ చేత్తో తెరిచాడు.

"కుడ్ యూ ప్లీజ్ హెల్ప్ మీ అండర్‌స్టాండ్ ఇఫ్ ద బ్రిడ్జ్ వాజ్ చెక్‌డ్ అట్ యువర్ ఎండ్?"

తిరుపతికి పొలమారింది. పప్పు ముక్కులోకి ఎక్కేంత నవ్వు వచ్చింది. ఇంతకాలానికి అల్లుడు మామకే టోపీ పెట్టాడు! కాఫీ మెషిన్ బాకీ తీర్చుకున్నాడు! అదీ ఇద్దరూ కలిసి చేసిన కత్తితోనే, కొసన తను పెట్టిన తోకతో సహా. పక్క బల్ల వాళ్లకు ఫోను ఎత్తి చూపించాడు. "సూడున్రి, నా శిష్యుడు! నా మీదికే!"

ఫోను తెరలో పంపినవాడి పేరు ఒక్కటే కనబడుతోంది. మిగతా పేర్లన్నీ ఒక చిన్న బాణం గుర్తు కింద ముడుచుకుని ఉన్నాయి. తిరుపతి ఆ బాణం జోలికి పోలేదు. పరాచికానికి పరాచికమే జవాబు అనుకుని, ఒంటి చేత్తో టకటకా కొట్టాడు: "నో అల్లుడూ. ఐ నాట్ చెక్‌డ్. ఐ వాజ్ స్లీపింగ్. వాట్ యూ విల్ డూ?" వెనక నవ్వే బొమ్మలు ఒక వరస. కింద కనబడిన బటన్ నొక్కాడు. అది ఆ మెయిల్లో ఉన్నవాళ్లందరికీ జవాబు చేరే బటన్.

డబ్బా సగంలో మూసి, అభినందించడానికి పైకెళ్లాడు. లోహిత్ వెనక నిలబడి వీపు మీద ఒక్కటి చరిచాడు. "గెల్శినవ్ రా అల్లుడూ! ఇగ నాకు రిటైర్మెంటే!"

లోహిత్ వెనక్కి తిరగలేదు. వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి.

"మీరు రిప్లై ఎందుకిచ్చారండి?" అన్నాడు తెర వైపే చూస్తూ.

"ఏందిరా?"

"మేడమ్ ఉన్నారండి అందులో. క్లయింటు కంప్లైంట్ చేశారండి, ఆ బ్రిడ్జి గురించి. వాళ్ల పెద్దాయన కూడా ఉన్నారు."

తిరుపతి మొహం మీద నవ్వు వెంటనే పోలేదు. కరెంటు పోయాక కూడా ఫ్యాను కాసేపు తిరిగినట్టు, అది అలాగే ఉండిపోయింది. ఫోను తీసి ఆ బాణం గుర్తు నొక్కాడు. పేర్లు విప్పుకున్నాయి. పద్మావతి మేడమ్. ఆ పైన ఆవిడ మేనేజర్. ఆ పైన ఎవరో విదేశీ పేరు.

"మేడమ్ రమ్మంటున్నారండి. ఇద్దర్నీ" అన్నాడు లోహిత్.

పద్మావతి మేడమ్ అద్దాల గదిలో తలుపు వేసి, ల్యాప్‌టాప్ తిరుపతి వైపు తిప్పింది. నవ్వే బొమ్మలు అంత పెద్ద తెర మీద ఇంకా బాగా నవ్వుతున్నాయి.

"తిరుపతి గారూ, ఇది మీరు పంపిందేనా?"

"జోక్ మేడమ్."

"క్లయింటు కంప్లైంటు మీద జోకా?"

"కంప్లైంటని నాకు తెల్వది మేడమ్. లోహిత్ నా మీద మజాక్ జేస్తుండనుకున్న."

"నిద్రపోయానని మీరే రాశారు. చూడలేదని మీరే రాశారు. దాన్ని నేను పైకి ఏమని చెప్పాలండీ?" ఆవిడ గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువగా ఉంది. "పోనీ, నిజం చెప్పండి. బ్రిడ్జి చూశారా, లేదా?"

"మిగతయి అన్నీ సూసిన. రెండు తప్పులు దిద్దిన గూడ. బ్రిడ్జి ఒక్కటి ఇడిశిపెట్టమని లోహితే జెప్పిండు. తనే రెండుసార్లు సూసిన అన్నడు."

"ఎక్కడ చెప్పాడు? మెయిల్ ఉందా? చాట్‌లోనా?"

"సాయమ్మ టీ బండి కాడ."

మేడమ్ కళ్లు మూసి తెరిచింది. సాయమ్మ కూడా విన్నది మేడమ్ అందామనుకున్నాడు తిరుపతి. టీ జల్లెడ చేత్తో పట్టుకుని సాయమ్మ ఈ అద్దాల గదిలో సాక్ష్యం చెబుతున్నట్టు కళ్లకు కట్టింది. అంత బాధలోనూ నవ్వొచ్చింది. ఇప్పుడు నవ్వితే ఇంకో రిప్లై ఇచ్చినట్టే అవుతుందని పెదవి కరిచి పట్టుకున్నాడు.

"లోహిత్, నువ్వు చెప్పావా అలా?"

లోహిత్ ఒళ్లో పెట్టుకున్న చేతుల వైపు చూసుకున్నాడు. తిరుపతి వాడి వైపు తిరిగాడు. ఆ క్షణంలో కూడా అతనికి అనుమానం లేదు. వాడు చెప్తాడు. అవును మేడమ్, నేనే అన్నాను అంటాడు. కాఫీ మెషిన్‌కి రెండుసార్లు ఊరు పేరు చెప్పిన పిల్లాడు వీడు.

"నాకు సరిగ్గా గుర్తు లేదండి" అన్నాడు లోహిత్.

అబద్ధమని అనడానికి వీల్లేదు. నిజమని అనడానికి అసలే వీల్లేదు. వెన్న పూసి మరీ చెప్పాడు.

ఏడాదిగా వాడి తప్పులు ఎన్ని దిద్దాడో చెబుదామని తిరుపతి నోరు తెరిచాడు. ఆ ట్రాఫిక్ సర్కిల్, ఆ సొరంగం, వాడికి జ్వరం వచ్చిన వారం గీసిన ఊరు ఊరంతా. అన్నీ గుర్తున్నాయి. అతనికి మాత్రం అన్నీ సరిగ్గా గుర్తున్నాయి. కానీ చెబితే సాయమ్మ బండి దగ్గర తాగిన టీలన్నిటికీ బిల్లు వేసినట్టు ఉంటుంది. నోరు మూసుకున్నాడు.

"ఇకనుంచి ఏ చెకింగ్ అయినా మెయిల్లోనే" అంది మేడమ్ చివరికి. "తిరుపతి గారూ, మీ పేరు ఇప్పుడు పంపలేను. నా చేతిలో లేదండీ."

ఆ సాయంత్రం బోరబండ స్టేషన్లో దిగాక తిరుపతి మెడలో ట్యాగు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికెళ్తే చిన్ను అడిగింది, "నాయనా, బ్లూ రాలేదా?" అని. "దుకాణంల అయిపోయినయంట బిడ్డా" అన్నాడు. భార్య అశ్విని అన్నం పెడుతూ ఒకసారి అతని మొహం చూసి, ఇంకో గరిటె పప్పు వేసింది. రోజూ అతని కొంటెపనులకు అలవాటు పడిన ఇంట్లో ఆ రాత్రి ఎవరి చెప్పులూ మాయం కాలేదు, ఉప్పు డబ్బాలో చక్కెర పడలేదు.

నీలం ట్యాగు లోహిత్‌కి వచ్చింది. తిరుపతి కాంట్రాక్టు ఎలా ఉన్నది అలాగే సాగింది. ఆఫీసులో అతను ఎవరినీ ఏమీ అనలేదు. లోహిత్ పక్క కుర్చీ నుంచి లేచి కిటికీ దగ్గర కుర్చీలోకి మారాడంతే. కాఫీ మెషిన్ ముందు కొత్త అమ్మాయి ఒకతి బటన్ తెలియక నిలబడితే, వెనక నుంచి వెళ్లి బటన్ నొక్కి, కప్పు ఆమె చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఫ్లోరంతా తలెత్తి చూసింది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం సాయమ్మ బండి దగ్గర తిరుపతి ఒక్కడే టీ తాగుతున్నాడు. లోహిత్ వచ్చి పక్కన నిలబడ్డాడు. నీలం ట్యాగును మడిచి చొక్కా జేబులో దాచుకున్నాడు. కొస ఒకటి బయటికి కనబడుతూనే ఉంది.

"ఇద్దరికీ అల్లం ఎక్కువేసి ఇయ్యమంటవా మామా?" అంది సాయమ్మ హుషారుగా. ఇన్నాళ్లకు ఇద్దరూ కలిసి కనబడ్డారు మరి.

లోహిత్ టీ అందుకుని, తాగకుండా గ్లాసు అంచు చుట్టూ వేలు తిప్పాడు.

"మావయ్యా" అన్నాడు. "ఆ రోజు మేడమ్ నా కుర్చీ దగ్గరే నిలబడ్డారండి. ఎవరు చూశారో ఇప్పుడే అడుగు అన్నారు. నాకు ఆ వాక్యం తప్ప ఇంకేమీ తోచలేదండి."

"ఊఁ."

"తర్వాత గదిలో… భయమేసిందండి."

తిరుపతి టీ గుటక వేశాడు. మెట్రో రైలు ఒకటి పైన గడగడమంటూ వెళ్లింది. దాని చప్పుడు తగ్గాక లోహిత్ ఫోను తీసి, పాత రోజుల్లోలాగే తెర తిప్పి పట్టుకున్నాడు.

"నా బ్యాచ్ ఈ రోజు వెళ్లాలండి. ఏదో సొరంగం ఉంది, నాకు డౌటుగా ఉంది. మీకైతే చూడగానే తెలుస్తుంది. ఒక్కసారి చూసేయండి మావయ్యా."

తిరుపతి గ్లాసు కింద పెట్టాడు. వాడి మొహంలోకి చూశాడు. తర్వాత మాటలు ఒక్కొక్కటే, వాళ్ల ఊరి తీరులో, ఎంతో శ్రద్ధగా పలికాడు.

"మెయిల్ పెట్టండి లోహిత్ గారూ. మా మేడమ్‌ని కూడా సీసీలో పెట్టండి. చూసి చెప్తానండి."

సాయమ్మ జల్లెడ పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. బండి దగ్గరికి వచ్చే పోలీసుని కూడా "ఏం రా" అనే మనిషి నోటి నుంచి అండి రావడం ఆమె ఎన్నడూ వినలేదు.

"ఏం మామా, కొత్త ఏషమా?" అని పకపకా నవ్వింది. "సూడు అల్లుడూ, మీ మామ మీ తీరుగ మాట్లాడ్తుండు!"

లోహిత్ కూడా నవ్వడానికి సిద్ధంగా పెదాలు సగం విప్పాడు. ఇప్పుడు తిరుపతి లోహిత్ వీపు మీద ఒక్కటి చరిచి, బెదిరినవా రా అంటాడని ఇద్దరూ అతని మొహం వైపే చూస్తూ నిలబడ్డారు.

తిరుపతి తన టీకి డబ్బులు బండి మీద పెట్టి, ట్యాగు మెడలో సర్దుకుని, గేటు వైపు నడిచాడు. సెక్యూరిటీ వాడు ఆపి చూశాడు. తిరుపతి నిలబడి చూపించాడు.